మా పెద్ద కరువు నవల

మన కోలారు సీమలోని తెలుగు ఇండ్లలో ఏ పెద్దనైనను "మనోళ్లు యాడినించి వచ్చినారు?" అని అడిగి చూడుడు. సమాధానము సిద్ధముగా నుండును. కొందరు గండికోట అందురు. కొందరు కంచి దాపున నున్న ఆలూరు అందురు. మరికొందరు హంపీ పాడైన పిమ్మట రాయలవారి పరివారముతో దిగితిమందురు. ఎవరి పూర్వుని చూచినను గుఱ్ఱముమీదనే వచ్చెను; ఒకరిద్దరి పూర్వులకు ఏనుగు కూడ కలదు. చంకన బిడ్డతో, తలపై రాగుల మూటతో కాలినడకన వచ్చితిమని చెప్పిన ఇల్లు మాకు ఇంతవరకు తగులలేదు.

ఇవన్నియు కల్లలని మేము చెప్పబోము. గండికోట 1652 ప్రాంతమున మీర్ జుమ్లా చేత చిక్కి పెమ్మసానివారి ఏలుబడి ముగిసిన మాట చరిత్ర. ఆలూరి నుండి ఏడుగురు అన్నదమ్ములు పాలారు దాటి వచ్చి, దేవనహళ్లి దాపునగల ఆవతిలో నిలిచి, వారి సంతతివారు పాళెగాండ్రైన కథ మొరసు ఒక్కలిగలలో తరతరములుగా నిలిచి యున్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టినది నాటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్లి యైనను, ఇంటిపేరు మాత్రము ఆంధ్రదేశమున గిద్దలూరు వైపునగల మోక్షగుండమును నేటికిని విడువలేదు. వలస నిజమే. గుఱ్ఱము విషయముననే మాకు సందేహము. ఆవతికిని మా ఆవనికిని ఒక్క అక్షరమే భేదమగుటచే, మా బంధువులలో నొకరు ఆ ఒక్క అక్షరముపై వంతెన గట్టి మమ్ము పాళెగాండ్ర వంశమున చేర్చిన సంగతి కూడ ఇచట చెప్పదగినది.

మా యింటి కథ గండికోట కథ. కావున ఉద్యోగ విరమణానంతరము మేము వంశకథ ఆధారముగా నొక చారిత్రక నవల వ్రాయబూనితిమని వినగానే బంధువులందరును సంతోషించిరి. కోట ముట్టడితో ఆరంభింపుమనిరి ఒకరు. రాత్రివేళ రహస్య మార్గమున కత్తితో వెలువడు వీరుని వర్ణింపుమనిరి మరొకరు. ముప్పది యేండ్లకు మించి తాలూకా కచేరీలో పద్దులు సరిచూచిన వారము గాన, మాకు మొదట లెక్క తోచినది. 1652 నుండి నేటికి మున్నూట డెబ్బది యేండ్లు దాటినవి. తరమునకు ఇరువదైదేండ్లు వేసినను పదునాలుగు పదునైదు తరములగును. మా యింట ఎవరిని అడిగినను నాలుగు తరముల పేళ్లకు మించి పలుకలేరు. మిగిలిన పది తరములు ఏమైనవి? ఆ ఖాళీలో గుఱ్ఱము నొకదానిని కట్టివేసి ఊరకుండుట మాకు రుచింపలేదు.

తెలుగున చారిత్రక నవలకు గొప్ప సంప్రదాయము కలదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి నవలల పోటీలు పెట్టి దీనికి ప్రోత్సాహ మిచ్చెను. నోరి నరసింహశాస్త్రిగారి నారాయణభట్టు, రుద్రమదేవి, అడవి బాపిరాజుగారి గోనగన్నారెడ్డి మా తండ్రిగారు ఎక్కడెక్కడినుండియో ఎరవు తెచ్చి చదివిన పుస్తకములు. మేము బడిలో చదివినది కన్నడము. తెలుగు అక్షరములు తండ్రిగారి యొద్ద పెద్దబాలశిక్షతో నేర్చితిమి. ఆ నవలలను తలచినచో నేటికిని మాకు ఒళ్లు పులకరించును. అయితే వానిలో రాజులు, సేనాపతులు, కవులు కలరు. సంకటి లేక చచ్చినవాడు కానరాడు. మా జిల్లాలోనే పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగారుగారు 1956లో చిక్కవీర రాజేంద్ర అను కన్నడ నవలను వెలువరించిరి. కొడగు చివరి రాజు తన చేతులార రాజ్యము పోగొట్టుకొనిన కథ అది. గెలుపును గాక పతనమును చెప్పియు చారిత్రక నవల నిలువగలదని మాకు ధైర్యము నిచ్చిన పుస్తకమది. 1983లో ఆయనకు జ్ఞానపీఠ పురస్కారము వచ్చినపుడు మా ప్రాంతమువారు, ఇంటి భాష ఏదైనను, తమవానికే వచ్చినట్లు చెప్పుకొనిరి.

ఇక మా ఊరి మాట. ముళబాగిలు తాలూకాలోని ఆవనిని ఎఱుగనివారు మన సంఘమున తక్కువ. కొండ క్రింద రామలింగేశ్వరుని గుడి ప్రాకారములో రామ, లక్ష్మణ, భరత, శత్రుఘ్నుల పేర లింగములు. నొళంబ రాజులనాటి కట్టడములు. వాల్మీకి ఆశ్రమము ఇచటనే యుండెననియు, లవకుశులు ఇచటనే పుట్టిరనియు, కన్నబిడ్డలతో యుద్ధము చేసిన పాపము పోవుటకు రాముడును తమ్ములును ఈ లింగములను నిలిపిరనియు స్థలపురాణము. సీతమ్మ గుడి మాత్రము కొండమీద. విడిచిపెట్టినవారు క్రింద, విడువబడినది పైన. చిన్నతనమున అమ్మతో కొండ ఎక్కునపుడు ఈ ఏర్పాటు మాకు వింతగా తోచలేదు. నవల వ్రాయునపుడు మాత్రము ప్రతిదినమును కన్నులయెదుట నిలిచినది.

ఆవనిలో శాసనములకు కొదువలేదు. బి. ఎల్. రైస్ దొరగారు 1905లో అచ్చువేయించిన కోలారు జిల్లా శాసన సంపుటమున మా ఊరి రాళ్లు అనేకములు చోటు చేసికొనినవి. పదవ శతాబ్దిలో నలువదేండ్లు ఈ స్థానమును ఏలిన త్రిభువనకర్తారదేవుడను శైవాచార్యుడు యాబది గుడులును, రెండు పెద్ద చెఱువులును కట్టించెనని ఒక శాసనము చెప్పుచున్నది. కోలారు సీమ అంతటను పొలముగట్లపై వీరగల్లులు నిలిచియున్నవి. ఆలమందలు దొంగలపాలు గాకుండ అడ్డుపడి చచ్చినవానికి రాయి కలదు. గుడి కట్టినవానికి, చెఱువు త్రవ్వించినవానికి రాయి కలదు. ఆ చెఱువు ఎండినపుడు చచ్చినవానికి మాత్రము రాయి లేదు. 1866 నాటి కరువులో వేలమందికి అన్నము పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారిపై తెలుగున పాట పుట్టినది, పుట్టవలసినదే. అచట కూర్చుండి తిన్నవారిలో ఒక్కరి పేరును ఏ పాటయు చెప్పదు.

మా నవల ఈ తిన్నవారిని గూర్చినది. కాలము 1876-78. మనవారు పెద్ద కరువు అనియు, ధాత కరువు అనియు పిలిచెడిది దీనినే. ధాతనామ సంవత్సరమున వానలు రాలేదు. ఈశ్వరలో చాలినన్ని దినములు రాలేదు. మైసూరు సంస్థానము అప్పుడు ఇంగ్లీషు కమీషనర్ల ఏలుబడిలో నుండెను. 1871 జనాభా లెక్కలో సంస్థానమున 50,55,412 మంది కలరు. పదేండ్ల పిమ్మట 1881 లెక్కలో 41,86,188 మందియే మిగిలిరి. తగ్గినవారు 8,69,224. ఆ పదేండ్లలో పుట్టిన బిడ్డలను గూడ తలచినచో ఈ తీసివేత ఎంత ఘోరమైనదో బోధపడును. మదరాసు రాజధానిలో 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి కరువు పనికి వచ్చిన కూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా నాలుగున్నర వందల గ్రాములు, పైన కొద్ది చిల్లర చాలునని నిర్ణయించెను. డాక్టర్ కార్నిష్ అను ఆరోగ్యశాఖాధికారి అది మనిషి బ్రతుకుటకు చాలదని వాదించెను. విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటములుగా వెలువరించిన గ్రంథమున ఈ వాదమంతయు కలదు. మా కచేరీ ఇంగ్లీషుతో, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, దానిని చదువుటకు మాకు ఏడు నెలలు పట్టెను.

మరొక్క సంగతి. ఆవని నుండి ఒక పగటి నడక దూరములో, ఊరుగాము, మారికుప్పము పొలములలో, బంగారము త్రవ్వుటకు లావెల్ అను ఐరిష్ సిపాయి 1875లో అనుమతి పొంది యుండెను. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు వచ్చిరి. నేలలో బంగారమున్నదను మాట గ్రామస్థులకు ముందే తెలియును. మన్ను కడిగి రవ్వలు తీయువారు అచట ఎన్నో తరముల నుండి కలరు. ధాతలో మాత్రము మన్ను కడుగుటకు నీరు లేదు.

అయితే ఈ పుస్తకములేవియు మా చేత నవల వ్రాయింపలేదు. వ్రాయించినది మా అవ్వ. ఇంకను సరిగా చెప్పవలెనన్న, అవ్వ వేసిన ఆకుల లెక్క.

మహాలయ అమావాస్యను మనము పెద్దల పండుగ అందుము. మా యింట ఆ దినమున మామూలు పెద్దలకు గాక, గోడవారన వేఱుగా ఏడు ఆకులు వేయు ఆచారము కలదు. అవి కరువులో పోయినవారికి. ఆ ఆకులలో అన్నము, వడలతో పాటు గంజి కూడ పోయవలెను. ఏడాది పొడుగునను మా యింట గంజినీరు పారబోయరాదు. పశువుకైనను పోయవలెను గాని దొడ్డిలో ఒలుకరాదు. కరువుకు ముందు ఇంటిలో పదునొకండుగురు ఉండిరనియు, కరువు తీరునాటికి తల్లియు ఇద్దరు కొడుకులును మిగిలిరనియు అవ్వ చెప్పెడిది. ఆ కొడుకులలో పెద్దవాడు, అప్పటికి పదేండ్లవాడు, మా ముత్తాత. అవ్వ పదునాలుగేండ్ల కోడలిగా ఆయన యింట అడుగుపెట్టి, ఆయన నోటనే ఈ కథ వినినది. అనగా ఆ కరువునకును మాకును నడుమ రెండు నోళ్లే.

మాకు పండ్రెండేండ్లున్నపుడు పద్దు కుదరలేదు. పదునొకండుగురిలో ముగ్గురు మిగిలినచో పోయినవారు ఎనమండుగురు. ఆకులు ఏడే. అవ్వను అడిగితిమి. ఆమె చాలసేపు పలుకలేదు. పిమ్మట మెల్లగా అనెను: "చచ్చినోళ్లకే కదా నాయనా ఆకేసేది. అది చావలేదు."

అది యనగా నాలుగేండ్ల ఆడుబిడ్డ. కరువు ముదిరినపుడు తల్లి చింతపిక్కలు ఉడికించి పెట్టెను. ఆ పిక్కలును అయిపోయిన పిమ్మట, మగబిడ్డలిద్దరిని ఊరిలో ముసలివారికి అప్పగించి, ఆడుబిడ్డను చంకనెత్తుకొని, రెండు పగళ్లు నడిచి కోలారులో దొరసాని ఇంట విడిచి వచ్చెను. వానలు పడి, మడక కట్టి, మొదటి రాగులు ఇల్లు చేరినపుడు ఆమె మరల కోలారు పోయెను. మేము అడిగితిమి, తెచ్చుకొనలేదా యని. అవ్వ చెప్పిన మాటలు ఇవి: "పోయిందంట. గోడ కాడ నిలబడి చూసిందంట. పిల్ల పావడ కట్టుకోని, తక్కిన పిల్లోళ్లతో ఆడుకుంటా ఉన్నెంట. పిలవలేదంట. తిరిగి వచ్చేసింది."

ఎందులకు పిలువలేదని మేము మరల అడిగితిమి. అవ్వ లేచి లోనికి పోయెను. తరువాత ఎన్నడును ఆ మాట ఎత్తలేదు.

అవ్వ చెప్పినదానికి చరిత్రలో ఆధారము కలదు. ఆన్‌స్టీ అను ఇంగ్లీషు మిషనరీ వనిత ఆ కరువు దినములలో కోలారున అనాథాశ్రమమును నడిపెను. 1890లో అది మెథడిస్టు ఎపిస్కోపల్ మిషన్‌వారి చేతికి వచ్చెను. కరువు పిల్లలై అచట పెరిగి, పెండ్లాడి, స్థిరపడిన కుటుంబములు కోలారు చరిత్రలో భాగము. మా బంధువు లొకరు "ఆ రికార్డులు వెదుకరాదా?" అనిరి. రికార్డు గదిలో జీవితము గడపిన మాకు ఆ ఆశ లేకపోలేదు. అయితే ఆ పిల్ల పేరు అవ్వకును తెలియదు. మా ముత్తాత చెప్పలేదట. ఆయన ఎప్పుడును "పాప" అనియే అనెడివాడట. మా వైపున పాప యనగా కూతురు, చెల్లెలు, ఆడుబిడ్డ, అంతయు. పేరు లేని పిల్లను ఏ పుస్తకమున, ఏ పేజీలో వెదకుదుము?

నవలలో ఆమెకు పేరు పెట్టవలసి వచ్చినపుడు కలము చాలదినములు ఆగెను. ఆవని పిల్ల గనుక సీత యని పెట్టుమని ఒక మిత్రుడు సలహా చెప్పెను. ఆ పేరు పెట్టినచో చదువరికి కథయంతయు ముందే చెప్పినట్లగును. తుదకు పాప అనియే ఉంచితిమి. మూడువందల పుటల నవలలో ఒక ముఖ్యపాత్రకు పేరు లేకుండుట లోపమని వ్రాతప్రతి చూచిన ఇద్దరు పెద్దలును అనిరి. మేము మార్చలేదు.

వ్రాత 2018లో మొదలై 2022లో ముగిసెను. తెలియనిచోట కల్పింతుము, తెలిసినచోట మార్చము అని ఒక నియమము పెట్టుకొంటిమి. ఆ రెండు పగళ్ల నడకలో తల్లి ఎచట ఆగెను, ఎవరు తోడు వచ్చిరి, బిడ్డ ఏమి అడిగెను, ఇవి తెలియవు, కల్పించితిమి. గోడ కడ నిలిచి పిలువకుండుట తెలిసినది, దానిని కదపలేదు. చదివినవారిలో పలువురు, "చివర పిల్లను ఇల్లు చేర్చరాదా, నవలయే కదా" అని మెత్తగా అడిగిరి. వారి జాలి మాకు అర్థమగును. కాని ఆ తల్లి తిరిగి నడచిన దారిని మేము తుడిచివేయజాలము. ఎందులకు పిలువలేదో కూడ నవలలో ఎచటను చెప్పలేదు. ఇంట సంకటికి ఇంకను గ్యారంటీ లేకపోవుట కావచ్చును. ఇతరులతో కలిసి తిన్న బిడ్డను ఊరివారు ఏమందురోయని కావచ్చును. పావడ కట్టుకొని ఆడుకొనుచుండుటయే కావచ్చును. మూడింటిని ఆమె మనస్సులో మెదలనిచ్చి ఊరకుంటిమి.

భాష విషయమున మాకు తర్జనభర్జన ఎక్కువ లేదు. కథనము మా తండ్రిగారు మెచ్చు గ్రంథ భాషలో సాగవలెను. మాటలు మాత్రము అవ్వ మాటలు కావలెను. ఎనుమును ఎనుము అనియే, దుడ్డును దుడ్డు అనియే, బిరీన రమ్మన్నదానిని బిరీన అనియే వ్రాసితిమి.

ఇచటనే ప్రచురణ కష్టములు మొదలైనవి. ఆంధ్రదేశపు ఒక నగరమునందలి ప్రచురణాలయమువారికి వ్రాతప్రతి పంపితిమి. ఎనిమిది నెలలకు తిరిగి వచ్చెను. కథ బాగున్నదట, అచ్చు వేసెదరట, అయితే వారి పండితుడు ఎఱ్ఱ సిరాతో కొన్ని సవరణలు చేసెనట. చూచితిమి. మడక నాగలి యైనది. ఎనుము గేదె యైనది. దుడ్డు డబ్బుగను, బిరీన త్వరగాను మారినవి. "ఉండాది" అన్నచోట నెల్ల "ఉంది" కూర్చుండినది. అవ్వ నోరు మూసి, ఆమె బదులు వేఱొక ఊరి అమ్మ చక్కగా మాటలాడుచున్నట్లుండెను. ఆ పండితుడు చెడ్డవాడు కాడు, పని శ్రద్ధగా చేసెను. ఒక్క ఒత్తు కూడ విడువలేదు. మేము వందనములు తెలిపి ప్రతిని మా యొద్దనే ఉంచుకొంటిమి.

ఇంటిలో కష్టము వేఱు. మా ముత్తాత తమ్ముని వంశమువారు బంగారు గనులలో పనికి పోయి రాబర్ట్‌సన్‌పేటలో స్థిరపడిరి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన పిమ్మట పలువురు బెంగుళూరు దినదినము రైలులో పోయి వచ్చుచున్నారు. ఊరు మాత్రము విడువలేదు. ఆ శాఖలో వరుసకు మాకు తమ్ముడగు పెద్దమనిషి వ్రాతప్రతి సంగతి విని వచ్చెను. "అన్నా, గండికోట రాయి అంటే అందరమూ సంతోషపడితిమి. నువ్వు గంజితొట్టి రాసినావు. అది కూడా పోనీ. ఆ పిల్ల సంగతి ఎందుకు? ఇంట్లో ఇంకా ఇద్దరు ఆడబిడ్డలకు సంబంధాలు చూడాల. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు."

లంకకు చేటు వచ్చినది గుట్టు వలననా, పరస్త్రీని తెచ్చి దాచుట వలననా యని అడుగవలెననిపించినది. అడుగలేదు. అతని భయము ఉత్తది కాదు. సంబంధములు చూచునపుడు నేటికిని ఎన్ని తరముల వెనుకకు పోయి తవ్వుదురో మాకు తెలియును. రెండు పూటలు కూర్చుండి మాటలాడితిమి. ఇంటిపేరు తీసివేయుదుమంటిమి, మనుష్యుల పేళ్లన్నియు మార్చుదుమంటిమి. ఊరు ఆవనియే కాని, ఏ వీధియో తెలియకుండ వ్రాయుదుమంటిమి. ఇవన్నియు చేసితిమి కూడ. పాపను తీసివేయుమన్నపుడు మాత్రము ఒప్పుకొనలేదు. ఒకసారి తీసివేసినారు కదా తమ్ముడూ, మరల మా చేత తీయింపవద్దంటిమి. అతడు కాఫీ ముట్టకయే లేచిపోయెను.

2023లో సొంత ఖర్చుతో బెంగుళూరులో అచ్చు వేయించితిమి. అయిదువందల ప్రతులకు డెబ్బది రెండు వేలు అయినవి. ఇచట నొక సంగతి మన సంఘమువారు ఆలోచింపదగినది. మన ఇండ్లలో తెలుగు మాటలాడువారెల్ల తెలుగు చదువలేరు. బడి కన్నడపు బడి. మా కోడలు అచ్చ తెలుగు మాటలాడును. తెలుగు పుస్తకము చేతికిచ్చినచో క, త, శ అక్షరముల కడనే ఆగిపోవును. కైవారము యోగి నారేయణ తాతయ్యగారి తెలుగు పదములను, కాలజ్ఞానమును మన పెద్దలు ఎన్నడో కన్నడ లిపిలో అచ్చువేసికొని పాడుకొనుచున్నారు గదా. అదే దారిని మేమును పట్టితిమి. మున్నూరు ప్రతులు తెలుగు లిపిలో, రెండువందలు కన్నడ లిపిలో. భాష ఒక్కటే, అక్షరము మార్పు లేదు, చొక్కా మాత్రమే వేఱు. కన్నడ లిపిలో తెలుగు అచ్చువేయుట భాషకు అవమానమని ఒక పండితమిత్రుడు జాబు వ్రాసెను. చదువబడకుండుట అంతకంటె పెద్ద అవమానమని మేము తలంతుము.

2024 శివరాత్రి పిమ్మట ఆవని జాతరలో పుస్తకములు పెట్టి కూర్చుంటిమి. ఎద్దుల త్రాళ్లు, గజ్జెలు అమ్మువాని ప్రక్కన ఒక గోనెపట్ట పరచుకొంటిమి. ఎడ్ల బేరమునకు వచ్చినవారు నవల కొందురా యని నవ్వినవారు కలరు. నాలుగు దినములలో కన్నడ లిపి ప్రతులు అరువది మూడు అమ్ముడైనవి. తెలుగు లిపివి తొమ్మిది. కొన్నవారిలో పెక్కురు ధాత కరువు అను మాట చూచి ఆగినవారే. ఒక్కొక్కరును తమ ఇంటి కరువు సంగతి ఏదో ఒకటి చెప్పి గాని కదలలేదు. చెఱువుగట్టు మన్ను మోసిన తాత, నాగదాళి కాయలు తిని బ్రతికిన అవ్వ, రెండు సేర్ల రాగులకు చేలు వ్రాసిచ్చిన ముత్తాత. గుఱ్ఱముమీద వచ్చిన తాతలెవరును ఆ నాలుగు దినములలో కనబడలేదు.

మూడవనాడు కోలారు నుండి ఒక వృద్ధురాలు, మెడలో సన్నని సిలువ, మనుమనితో వచ్చెను. మనుమడు కన్నడ లిపి ప్రతిని తీసి, ఎచట తెరచెనో తెలియదు, ఒక పుట బిగ్గరగా చదివెను. దొరసాని ఇంటి వాకిట తల్లి బిడ్డను దింపు ఘట్టము. ఆమె నిలుచుండియే వినెను. "ఆ బిడ్డకు చెవి కాడ మచ్చ ఉన్నెట్ల రాసినారే సామీ, అది నిజమా?" అని అడిగెను. మచ్చ మా కల్పన. ఆ మాటయే చెప్పితిమి. ఆమె తల యాడించి, "మా అవ్వను కన్నమ్మ కరువు బిడ్డంట. ఏ ఊరో తెలీదు" అనెను. దుడ్డు ఇచ్చి రెండు ప్రతులు తీసికొనెను. మేము తక్కువకు ఇయ్యబోతిమి, ఒప్పుకొనలేదు. కోలారు కరువు బిడ్డలు ఒకరు ఇద్దరు కారు. ఆమె మాకు ఏమగునో, ఏమియు కాదో, చెప్పుటకు మార్గము లేదు. వరుస తెలియక "పోయి రా అమ్మా" అని సాగనంపితిమి.

తమ్ముడు రెండేండ్లుగా మా గడప త్రొక్కలేదు. అతని పెద్దకూతురు మాత్రము మా కోడలి ద్వారా ఒక ప్రతి తెప్పించుకొనెను, కన్నడ లిపిది. ఆమెకు సంబంధము కుదిరి పెండ్లియును జరిగినది. మాకు పత్రిక అందినది, పోయి అక్షతలు వేసి వచ్చితిమి. అచట నవల మాట ఎవరును ఎత్తలేదు.

క్రిందటి పెద్దల పండుగకు మా యింట ఎనిమిదాకులు వేసితిమి. నూటయేబది యేండ్లు కావచ్చుచున్నవి, పాప ఇంకను బ్రదికియున్నదను లెక్క ఇక నిలువదు. అన్యమతమున పెరిగినదానికి ఆకు వేయవచ్చునా యని మా ఆమె పురోహితుని అడిగెను. ఆయన కొంత ఆలోచించి, "ఆకలికి మతమేమమ్మా, వేయండి" అనెను. ఎనిమిదవ ఆకున కూడ గంజి పోసితిమి. రాబర్ట్‌సన్‌పేటలో తమ్ముని యింట ఏడే వేసిరని తెలిసినది.

కన్నడ లిపి ప్రతులు అయిపోయినవి. తెలుగువి నూటనలువది దాక మా మంచము క్రింద నున్నవి. మరల రెండువందలు కన్నడ లిపిలో వేయుటకు ముద్రాపకులతో మాటలాడితిమి. దీపావళి పని ఒత్తిడి తీరిన పిమ్మట మొదలిడుదుమని చెప్పినారు. చెవి కడ మచ్చ ఉన్న వాక్యమును ఈ కూర్పున తీసివేయించితిమి.